నాలుగు పుస్తకాలే తిరిగొచ్చాయి

జర్మనీలోని హాలే పట్టణాన్ని ఆనుకుని గ్లౌఖా అనే చిన్న ఊరు ఉండేది. 1682లో వచ్చిన ప్లేగు ఆ ఊళ్లో ఎన్నో కుటుంబాలను తుడిచిపెట్టింది. మిగిలినవి పేదరికం, సారా దుకాణాలు. 1692లో అక్కడి సంఘానికి కాపరిగా వచ్చాడు ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకె.

ఆయన 1663లో లూబెక్‌లో పుట్టాడు. దైవశాస్త్రం బాగా చదివాడు కానీ మనసులో సమాధానం లేదు. 1687లో లూనెబర్గ్‌లో యోహాను 20:31 మీద ప్రసంగం సిద్ధం చేసుకుంటున్నప్పుడు, తాను చెప్పబోయే విశ్వాసం తనకే లేదని గ్రహించి వణికిపోయాడు. మోకరించి కన్నీళ్లతో ప్రార్థించాడు. ఆ రాత్రే సందేహం తొలగిపోయింది.

గ్లౌఖాలో ప్రతి గురువారం బీదలు రొట్టె కోసం ఫ్రాంకె ఇంటి ముందు నిలబడేవారు. రొట్టె ఇచ్చి పంపేయడం తేలికే. ఆయన వారిని లోపలికి పిలిచి, పిల్లలను దేవుని గురించి ప్రశ్నలడిగాడు. ఒక్కరికీ ఏమీ తెలియదు. బడి జీతం కట్టుకోమని డబ్బిచ్చి చూశాడు. డబ్బు తీసుకున్నారు గానీ చదువు మాత్రం రాలేదు.

1695లో ఈస్టర్ సమయంలో ఆయన ఇంట్లోని కానుక పెట్టెలో ఎవరో 4 థాలర్లు 16 గ్రోషెన్లు వేశారు. పెద్ద మొత్తమేమీ కాదు. ఫ్రాంకె మాత్రం దాంతో బడి పెట్టాలని ఆ రోజే నిశ్చయించుకున్నాడు. 2 థాలర్లతో పుస్తకాలు కొని, రోజుకు రెండు గంటలు చదువు చెప్పడానికి ఒక పేద విద్యార్థిని కుదిర్చాడు. పిల్లలకు 27 పుస్తకాలు పంచితే, తిరిగొచ్చినవి నాలుగే! మిగతావి తీసుకున్న పిల్లలు మళ్లీ కనిపించలేదు.

అక్కడితో ఆపేసినా ఆయనను ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఫ్రాంకె మళ్లీ పుస్తకాలు కొన్నాడు. ఈసారి పాఠం అయ్యాక వాటిని బడిలోనే పెట్టించాడు, అంతే. కొద్ది రోజులకే ఊళ్లో కలిగినవారు కూడా జీతం కట్టి తమ పిల్లలను పంపసాగారు. 1698 జూలై 13న అనాథాశ్రమ భవనానికి పునాది పడింది. ఆడపిల్లలకూ బడి వచ్చింది. ఆయనలో ఒక లోపమూ ఉంది. క్రమశిక్షణ పేరుతో పిల్లలకు ఆటలు లేకుండా చేశాడు. ఆ కాఠిన్యాన్ని మెచ్చుకోలేం.

1727 జూన్ 8న ఫ్రాంకె ప్రభువు సన్నిధికి చేరేనాటికి ఆ బడులలో రెండు వేలకు పైగా పిల్లలు చదువుతున్నారు.

హాలేలో చదివిన బెంజమిన్ షుల్జ్ మిషనరీగా మద్రాసు వచ్చి, తెలుగు నేర్చుకుని, 1743లో తిరిగి వెళ్లాడు. 1746, 1747 సంవత్సరాల్లో హాలేలోనే తెలుగు క్రైస్తవ పుస్తకాలు అచ్చువేయించాడు. అచ్చెక్కిన తొలి తెలుగు పుస్తకాలలో అవీ ఉన్నాయి.