మత్తు ఆపేది ఊపిరినా? గుండెనా?

ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అంటే కోత కన్నా మత్తుకే ఎక్కువ భయపడతాం. భీమ్‌గల్ నుంచి అమ్మనో నాన్ననో నిజామాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్లారనుకోండి. థియేటర్ తలుపు మూసుకోగానే మీ మనసులో మెదిలేది ఒకటే... మత్తులోంచి క్షేమంగా లేస్తారా అని. సరిగ్గా ఈ ప్రశ్నతోనే జీవితమంతా పెనుగులాడిన డాక్టర్ ఒకరు మన హైదరాబాద్‌లో ఉండేవారు. ఆయన పేరు ఎడ్వర్డ్ లారీ.

1846లో పుట్టిన లారీ స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రసిద్ధ సర్జన్ జేమ్స్ సైమ్ దగ్గర వైద్యం నేర్చుకున్నారు. క్లోరోఫామ్‌ను మత్తుమందుగా వాడటం 1847లో మొదలైంది ఆ ఊళ్లోనే. కానీ మరుసటి ఏడాదే ఇంగ్లండ్‌లో కాలి గోరు తీయించుకోవడానికి వచ్చిన 15 ఏళ్ల అమ్మాయి ఆ మత్తులోనే ప్రాణాలు విడిచింది. అప్పటి నుంచి డాక్టర్లు రెండు వర్గాలయ్యారు. గుండె ఆగి చనిపోతున్నారు కాబట్టి నాడి పట్టుకుని కూర్చోవాలన్నది లండన్ వారి మాట. ముందు ఆగేది ఊపిరి కాబట్టి దాన్నే గమనించాలన్నది ఎడిన్‌బరో వారి మాట. లారీ గురువు మాటనే నమ్మారు.

ఈ తగువు అర్థం కావాలంటే మన శరీరంలోని గదుల గురించి కాస్త తెలియాలి. గుండెలో నాలుగు గదులుంటాయి. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. రక్తాన్ని ఊపిరితిత్తులకూ ఒళ్లంతటికీ నెట్టేవి జఠరికలే. మెదడులోనూ నాలుగు గదులున్నాయని చాలామందికి తెలియదు. వాటినీ జఠరికలనే అంటారు. అయితే వాటిలో ఉండేది రక్తం కాదు, మెదడును కాపాడే తేటనీరు లాంటి ద్రవం. వాటిలో నాలుగో గది అడుగున, మెదడు కాండంలో శ్వాసను నడిపించే నాడీకణాలుంటాయి. క్లోరోఫామ్ ఎక్కువైతే అవి మొద్దుబారి ఊపిరి ఆగిపోతుంది. మరి అదొక్కటేనా? గుండె గదులకు ఏమీ కాదా? అదే అసలు ప్రశ్న.

1885లో లారీ హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చారు. నిజామాబాద్‌ను ఇందూరు అని పిలిచే రోజులవి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పాలన. లారీ 1888లో హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ పేరుతో ప్రయోగాలు చేయించి, ముందు ఆగేది ఊపిరేనని తేల్చారు. ప్రసిద్ధ వైద్య పత్రిక లాన్సెట్ ఒప్పుకోలేదు. అప్పుడు నిజాం 1,000 పౌండ్లు ఇచ్చి, 1889లో లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే నిపుణుణ్ని రప్పించారు. రెండో కమిషన్ నాలుగు వందలకు పైగా జంతువులపై పరీక్షలు చేసింది. అనుమానంతో వచ్చిన బ్రంటన్ కూడా చివరికి లారీ మాటకే వచ్చారు. హైదరాబాద్ పేరు ప్రపంచ వైద్య పత్రికల్లో మారుమోగింది.

లారీ చేసిన మరో మేలూ మరువలేనిది. హైదరాబాద్ వైద్య పాఠశాలలో ఆడపిల్లలకు చోటిచ్చారు. అక్కడ చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ క్లోరోఫామ్ ఇవ్వడంలో ఆరితేరారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా నేటికీ ఆమెను తలుచుకుంటారు.

అయితే లారీ తన మాటను గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. నాడి చూడనక్కర్లేదు, ఊపిరి చూస్తే చాలని శిష్యులకు నూరిపోశారు. 1911లో ఇంగ్లండ్‌లో గుడ్‌మన్ లెవీ అనే డాక్టర్ పిల్లులపై చేసిన ప్రయోగాలు రెండో సగం నిజాన్ని బయటపెట్టాయి. క్లోరోఫామ్ మత్తు తక్కువగా ఉన్నప్పుడు, భయంలో ఒంట్లో ఊరే అడ్రినలిన్ కూడా తోడైతే, గుండె జఠరికలు కొట్టుకోవడం మాని ఊరికే వణికిపోతాయి. రక్తం కదలదు. క్షణాల్లో ప్రాణం పోతుంది. 1915లో లారీ కన్నుమూశారు. మోతాదు మించితే ఊపిరి ఆగుతుందన్న ఆయన మాట నిజమే. గుండెకు ముప్పే లేదన్నది మాత్రం పొరపాటు.

ఈ కథ మీకెందుకంటారా? ఇప్పుడు క్లోరోఫామ్ వాడకం లేదు. పైగా మీ వాళ్లు థియేటర్‌లో ఉన్నంతసేపూ మత్తు డాక్టర్ రెండింటినీ కనిపెడుతూ ఉంటారు. ఈసీజీ తెర గుండె లయను చూపిస్తుంది. వేలికి తగిలించే క్లిప్పు రక్తంలో ఆక్సిజన్‌ను చూపిస్తుంది. బయటికొచ్చే ఊపిరిని కొలిచే యంత్రం వేరే ఉంటుంది. రెండు వర్గాల పాత తగువు చివరికి ఇలా రాజీ పడింది.

మీరు చేయాల్సిందీ కొంత ఉంది. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్‌ను కలిసి అన్నీ విప్పి చెప్పండి. బీపీ, షుగర్, గుండె మందులేవి వాడుతున్నా చీటీలు చూపించండి. వాటిని మీ అంతట మీరే ఆపేయకండి. బీడీ, సిగరెట్ అలవాటు ఉన్నా, బీడీలు చుట్టే పనిలో దగ్గు, ఆయాసం వస్తున్నా దాచకండి. ఇంట్లో ఎవరికైనా మత్తులో ఇబ్బంది వచ్చి ఉంటే అదీ చెప్పండి. ఆపరేషన్ రోజు తినొద్దన్న గంటల్లో ఒక్క బిస్కెట్ కూడా ముట్టొద్దు. కడుపులో ఉన్నది మత్తులో ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రమాదం.

అంత అనుభవమున్న లారీకే సగం నిజం కనిపించలేదు. మీరు చెప్పకుండా దాచిన సగం మీ డాక్టర్‌కు మాత్రం ఎలా కనిపిస్తుంది?