కాటన్ దొర లేని రెండేళ్లు

ఒక ఆఫీసుకు అధికారి కావడం వేరు, అందులో పనిచేసేవాళ్లకు పెద్దదిక్కు కావడం వేరు. మొదటిది ఒక్క ఆర్డరు కాగితంతో అయిపోతుంది. రెండోదానికి ఏళ్లు పడుతుంది. పట్టాలు పుచ్చుకొని రేపో మాపో బ్యాంకులకో, ఫ్యాక్టరీలకో, బడులకో వెళ్లబోయే మిత్రులు ఈ తేడా తెలుసుకోవడానికి విదేశీ మేనేజిమెంటు పుస్తకాలు తిరగెయ్యనక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ జీవితం ఒకసారి శ్రద్ధగా చూస్తే చాలు.

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. పదకొండుమంది అన్నదమ్ముల్లో పదోవాడు. ఈస్టిండియా కంపెనీ వారి అడిస్కంబ్ సైనిక విద్యాలయంలో చదివి, 1821లో పద్దెనిమిదేళ్ల ప్రాయంలో ఇంజనీరుగా మన దేశం వచ్చాడు. ఆయన అసలు చదువు సాగింది మాత్రం కావేరి తీరాన. అక్కడ చోళులనాటి కల్లణై ఉంది. అడుగున ఎంత తవ్వినా ఇసుకే తగిలే నదిలో ఆ పాతకట్ట శతాబ్దాలుగా ఎలా నిలిచిందో పరిశీలించాడు. ఆ కిటుకు పట్టుకొని 1836లో కొల్లిడం మీద ఆనకట్ట కట్టాడు. పాలించే జాతికి చెందినవాడై ఉండి కూడా, ఇసుక మీద పునాది వేసే విద్య ఈ దేశపు పూర్వీకుల దగ్గరే నేర్చుకున్నామని దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. తనకు తెలియనిది ఎదుటివాడికి తెలుసునని ఒప్పుకోగలిగినవాణ్ణే కిందివాళ్లు నమ్ముతారు.

అప్పట్లో గోదావరి జిల్లా పరిస్థితి దయనీయం. 1832-33 నాటి కరువు ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేసింది. 1839లో కోరంగి మీద ఉప్పెన విరుచుకుపడింది. ఒకపక్క అంత నది సముద్రంలో కలిసిపోతుంటే, మరోపక్క పొలాలు బీళ్లుగా పడి ఉన్నాయి. 1844లో కాటన్ వచ్చి నదిని, నేలను పరీక్షించి ఆనకట్ట కట్టాలని నివేదిక రాశాడు. కంపెనీ డైరెక్టర్లకు కావలసింది శిస్తు, రైతుకు కావలసింది నీళ్లు. కాటన్ డైరెక్టర్లకు దయాధర్మాలు బోధిస్తూ కూచోలేదు. పెట్టిన ప్రతి రూపాయికీ ఎంత రాబడి వస్తుందో లెక్కలు కట్టి చూపించాడు. పైవాడికి అర్థమయ్యే భాషలో చెప్పి కిందివాడి పని జరిపించడం అందరికీ చేతకాదు. 1846 చివర అనుమతి దొరికింది. 1847లో పని మొదలైంది.

ధవళేశ్వరం దగ్గర గోదావరి మధ్యలో లంకలున్నాయి. నది అక్కడ నాలుగు పాయలు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా, మొత్తం 12 వేల అడుగుల పొడవున కట్టడం లేపాలి. రాయికి పక్కనే కొండ ఉంది. రాయి మోయడానికి పట్టాలు వేశారు. కాని అడిగినంతమంది ఇంజనీర్లు గాని, మేస్త్రీలు గాని రాలేదు. ఉన్న కొద్దిమందితోనే, స్థానికంగా దొరికిన వేలాది కూలీలతో పని నడపవలసి వచ్చింది. కూలీలను కూడగట్టడంలో, పని నడిపించడంలో వీణం వీరన్న అనే తెలుగాయన కాటన్‌కు కుడిభుజమయ్యాడు. ఆ తరవాత ఆయనకు గౌరవాలు దక్కాయంటే ఆ శ్రమ ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

నాలుగు పాయల మీదా ఒక్క మనిషి ఒకేసారి నిలబడలేడు. కనుక ఒప్పగించాల్సిన పని ఒప్పగించక తప్పదు. ఆ ఒప్పగింతకు 1848లోనే అగ్నిపరీక్ష ఎదురైంది. ఎండదెబ్బకు, అలసటకు కాటన్ ఆరోగ్యం పూర్తిగా దెబ్బతింది. పని సగంలో ఉండగా అంతా కెప్టెన్ ఓర్ చేతిలో పెట్టి, ఆయన ఆస్ట్రేలియా వెళ్లిపోవలసి వచ్చింది. మళ్లీ వచ్చింది 1850లో.

ఈ రెండేళ్లే మనం గమనించవలసినవి. పెద్దాయన లేడు. ఏటేటా వరద మాత్రం వస్తూనే ఉంది. అన్నీ తన గుప్పిట్లో పెట్టుకొనే అధికారి అయివుంటే పని అక్కడే ఆగిపోయి ఉండేది. ఇక్కడ ఆగలేదు. ఓర్ నడిపించాడు, వీరన్న వంటివాళ్లు వెంట నిలబడ్డారు. కాటన్ తిరిగి వచ్చేసరికి ఆనకట్ట ముందుకు సాగే ఉంది. 1852లో పూర్తయింది. ఆ ఏడే బెజవాడలో కృష్ణ మీద ఆనకట్ట పని ఇదే ఓర్ చేపట్టి 1855లో ముగించాడు. కోనసీమలో గన్నవరం దగ్గర నదిపాయ మీదుగా కాలువను దాటించే అక్విడక్టును హేగ్ అనే యువ ఇంజనీరు, వీరన్న తోడుగా కట్టాడు. ఆనకట్ట ఒకటే కాదు, ఆనకట్టలు కట్టగల మనుషులు కూడా ధవళేశ్వరంలోనే తయారయ్యారన్నమాట.

అయితే కాటన్‌ను దేవుణ్ణి చేసి చూడడం కూడా సమతూకం కాదు. ఆయన పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. దేశానికి రైళ్లకంటే పడవలు నడిచే కాలువలే మేలని జీవితాంతం వాదించాడు. ఆయన ప్రోత్సాహంతో ఒక ప్రైవేటు కంపెనీ తవ్విన కర్నూలు-కడప కాలువ నష్టాల్లో కూరుకుపోయింది. రైతులు ఆశించినంతగా నీళ్లు తీసుకోలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే దాన్ని కొనుక్కోవలసి వచ్చింది. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు ఆయన గట్టి ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. కావేరి దగ్గర పాతకట్టను అడిగి నేర్చుకున్న మనిషికి కూడా, వయసు మీద పడి పేరు వచ్చాక తన లెక్క మీద తనకే నమ్మకం ఎక్కువైంది. పదవిలో పైకి వెళ్లేకొద్దీ మనకు ఎదురు చెప్పేవాళ్లు తగ్గిపోతారు. అప్పుడే మరింత జాగ్రత్త కావాలి.

1861లో సర్ బిరుదు పొందిన కాటన్, 1899 జులై 24న 96 ఏళ్ల వయసులో ఇంగ్లండులో కన్నుమూశాడు. ఆయన కట్టిన ఆనకట్ట నూరేళ్లు దాటి పనిచేసింది. దాని స్థానంలో 1970లో మొదలై 1982లో పూర్తయిన బ్యారేజికి ఆయన పేరే పెట్టారు. పరాయి ప్రభుత్వపు ఉద్యోగి విగ్రహానికి డెల్టా రైతులు ఈనాటికీ దండలు వేస్తున్నారు. శిస్తు కోసం వచ్చిన కంపెనీని మరిచిపోయి, నీళ్లు తెచ్చిన మనిషిని గుర్తు పెట్టుకున్నారు.

మనలో ఎంతమందిమి నదులకు ఆనకట్టలు కడతామో తెలియదు గాని, ఏదో ఒక సెక్షనుకో, బ్రాంచికో, డిపార్టుమెంటుకో పెద్దలం కాకపోము. అప్పుడు ఒక నెల సెలవు పెట్టి చూద్దాం. తిరిగి వచ్చేసరికి పని మనకోసం కాచుకొని కూచుని ఉంటే, తప్పు కిందివాళ్లలో వెతకడం మానేసి, వాళ్లకు మనం ఇన్నాళ్లూ ఏం నేర్పామో ముందుగా ఆలోచించుకుందాం.