కాశీనాథుని నాగేశ్వరరావు

కాశీనాథుని నాగేశ్వరరావు (1867 మే 1 - 1938 ఏప్రిల్ 11) ప్రముఖ పాత్రికేయుడు, స్వాతంత్ర్య సమర యోధుడు, పారిశ్రామికవేత్త, గ్రంథాలయోద్యమ పోషకుడు. నాగేశ్వరరావు పంతులుగా సుప్రసిద్ధుడు. తలనొప్పికి, ఒళ్ళునొప్పులకు పూసుకొనే అమృతాంజనం అనే లేపనాన్ని తయారు చేసి, దానిపై వచ్చిన ఆదాయాన్ని తెలుగు పత్రికలకు, గ్రంథ ప్రచురణకు, జాతీయోద్యమానికి, దానధర్మాలకు వినియోగించాడు. దేశోద్ధారక, విశ్వదాత అనేవి ఆయన బిరుదులు.

బాల్యం, విద్య

నాగేశ్వరరావు కృష్ణా జిల్లా ఎలకుర్రు గ్రామంలో బుచ్చయ్య, శ్యామలాంబ దంపతులకు జన్మించాడు. స్వగ్రామంలోను, బందరులోను చదువుకొని, తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి 1891లో పట్టభద్రుడయ్యాడు. విద్యార్థి దశలోనే కందుకూరి వీరేశలింగం వివేకవర్ధని పత్రికలో వ్రాసిన వ్యాసాలు ఆయనను ప్రభావితం చేశాయి. ఆ రోజులలో పట్టభద్రులైన వారికి ప్రభుత్వోద్యోగం సులభంగా లభించేది. అయినా ఆయన వ్యాపార మార్గాన్ని ఎంచుకున్నాడు.

ప్రయాణాలు, అమృతాంజనం

మద్రాసులో కొంతకాలం వ్యాపారం చేసిన పిమ్మట నాగేశ్వరరావు కలకత్తా వెళ్ళాడు. అక్కడ ఒక సంస్థలో పనిచేస్తూ మందుల తయారీలోను, అమ్మకంలోను మెళకువలు నేర్చుకున్నాడు. అక్కడి నుండి బొంబాయి చేరి, విలియం అండ్ కంపెనీ అనే సంస్థలో ఉద్యోగం చేశాడు. ఆ అనుభవంతో 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించాడు.

కర్పూరం, పుదీనా పువ్వు, నీలగిరి తైలం వంటి ద్రవ్యాలు ఇటువంటి లేపనాలలో ప్రధానమైనవి. చర్మంపై రుద్దినపుడు ఇవి మొదట చల్లదనాన్ని, తరువాత వెచ్చదనాన్ని కలిగించి నొప్పి తెలియకుండా చేస్తాయి. ఈ ఔషధాన్ని వాడటానికి వైద్యుని అవసరం ఉండదు. ఒక చిన్న సీసా ఇంటిల్లిపాదికీ చాలా రోజులు వస్తుంది.

మందును ప్రజలకు పరిచయం చేయడానికి నాగేశ్వరరావు సంగీత సభలలో దానిని ఉచితంగా పంచిపెట్టాడు. గంటల తరబడి కచేరీ వినే శ్రోతలకు దాని గుణం అక్కడికక్కడే తెలిసేది. ఇది ప్రచార పద్ధతియే అయినా, కొనేవాడికి ముందుగా వస్తువును చేతికిచ్చి చూడమనే ఈ పద్ధతి సత్ఫలితాలనిచ్చింది. కొద్దికాలంలోనే అమృతాంజనం ఇంటింటి వస్తువుగా మారి, ఆయనను సంపన్నుణ్ణి చేసింది. 1936లో ఈ సంస్థ పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అయ్యింది.

పత్రికా స్థాపన

బొంబాయిలో తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు. ఆ నగరంలోని కామాటిపుర అనే పేటకు ఆ పేరు తెలుగు ప్రాంతాల నుండి వలస వెళ్ళిన కామాటీల వలన వచ్చింది. కూలిపనులు చేసుకొనే ఈ ప్రజలకు స్వభాషలో వార్తలు తెలుసుకొనే సాధనం ఉండేది కాదు.

నాగేశ్వరరావు 1907లో సూరత్‌లో జరిగిన భారత జాతీయ కాంగ్రెసు మహాసభలకు హాజరయ్యాడు. మితవాదులు, అతివాదులు విడిపోయిన సభలు అవి. దేశంలో జరుగుతున్నది తెలుగు ప్రజలకు తెలియాలంటే తెలుగులో ఒక పత్రిక అవసరమని ఆయన గ్రహించాడు. 1908లో బొంబాయి నుండి ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది. 1910 నుండి ఉగాది సంచికలను కూడా ప్రచురించాడు. 1914లో పత్రికను మద్రాసుకు తరలించి దినపత్రికగా మార్చాడు. అదే సంవత్సరం మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభం కావడంతో ప్రజలలో వార్తలపై ఆసక్తి పెరిగింది.

1924లో భారతి మాసపత్రికను స్థాపించాడు. సాహిత్యం, చరిత్ర, భాషాశాస్త్రం, కళలపై వ్యాసాలతో భారతి ఆరు దశాబ్దాలకు పైగా తెలుగులో అగ్రశ్రేణి సాహిత్య పత్రికగా నిలిచింది.

గ్రంథ ప్రచురణ, దానధర్మాలు

1926లో నాగేశ్వరరావు ఆంధ్ర గ్రంథమాలను స్థాపించి ప్రాచీన గ్రంథాలను, ఆధునిక రచనలను ప్రచురించాడు. పాల్కురికి సోమనాథుని బసవపురాణం వేటూరి ప్రభాకరశాస్త్రి పరిష్కరణలో ఈ గ్రంథమాల ద్వారానే వెలువడింది. కొమర్రాజు లక్ష్మణరావు ప్రారంభించిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం 1923లో ఆయన మరణంతో ఆగిపోగా, ఆ కార్యాన్ని నాగేశ్వరరావు తన భుజాలపై వేసుకొని 1930లలో సంపుటాలను తిరిగి వెలువరించాడు. ఇటువంటి గ్రంథాలు లాభం తెచ్చేవి కావు. వాటికయ్యే వ్యయాన్ని అమృతాంజనం ఆదాయమే భరించింది.

గ్రంథాలయోద్యమానికి ఆయన అండగా నిలిచి, అనేక గ్రంథాలయాలకు సహాయం చేశాడు. విద్యార్థులు, పండితులు, రచయితలు, దేశసేవకులు ఆయన సహాయం పొందిన వారిలో ఉన్నారు. ఆయన దాతృత్వాన్ని గుర్తించి మహాత్మా గాంధీ విశ్వదాత అని ప్రశంసించాడు. ఆంధ్ర ప్రజలు దేశోద్ధారక బిరుదుతో గౌరవించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లో కళాప్రపూర్ణ బిరుదునిచ్చింది.

రాజకీయ జీవితం

నాగేశ్వరరావు 1924 - 1934 మధ్యకాలంలో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు కమిటీకి పలుమార్లు అధ్యక్షుడుగా ఉన్నాడు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుశిక్ష అనుభవించాడు. జైలులో ఉండగా భగవద్గీతకు వ్యాఖ్యానం వ్రాశాడు.

ప్రత్యేకాంధ్ర రాష్ట్రోద్యమంలో ఆయన ముఖ్యుడు. రాష్ట్రం ఏర్పడితే కోస్తా జిల్లాల వారి ఆధిక్యం పెరుగుతుందని రాయలసీమ నాయకులు సందేహించేవారు. ఆ సందేహాలను తొలగించడానికి 1937 నవంబరు 16న మద్రాసులో ఆయన నివాసమైన శ్రీబాగ్‌లో ఉభయ ప్రాంతాల నాయకులు సమావేశమై ఒక ఒప్పందం చేసుకున్నారు. ఇదే శ్రీబాగ్ ఒడంబడికగా చరిత్రకెక్కింది. రాజధాని, హైకోర్టులలో ఒకదానిని ఎంచుకొనే అవకాశం, నీటిపారుదలలో ప్రాధాన్యం రాయలసీమకు ఇవ్వాలన్నవి ఇందులోని ముఖ్యాంశాలు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు కర్నూలు రాజధాని కావడానికి ఈ ఒడంబడికయే ఆధారం.

మరణం, వారసత్వం

ఒడంబడిక జరిగిన అయిదు నెలలకే, 1938 ఏప్రిల్ 11న నాగేశ్వరరావు మరణించాడు. తాను కోరిన ఆంధ్ర రాష్ట్రాన్ని ఆయన చూడలేదు. ఆయన అల్లుడు శివలెంక శంభుప్రసాద్ పత్రికలను, అమృతాంజనం సంస్థను కొనసాగించాడు. ఆంధ్రపత్రిక, భారతి 1991లో నిలిచిపోయాయి. అమృతాంజనం మాత్రం నేటికీ తయారవుతున్నది. చెన్నైలోని మైలాపూరులో ఆయన పేరిట నాగేశ్వరరావు పార్కు ఉంది.