తాళము లేని ఇల్లు

యోహాన్ హిన్రిక్ విఖెర్న్ 1808లో జర్మనీ దేశపు హాంబర్గు పట్టణమున జన్మించెను. పదునైదవ యేట తండ్రి మరణింపగా, పాఠములు చెప్పి తల్లిని, తోబుట్టువులను పోషించెను. లేమి యనగానేమో ఆయన యెరుగును. వేదాంతవిద్య ముగించి సండేస్కూలు పిల్లల యిండ్లకు వెళ్లి చూడగా, ఆ చీకటిగదులలో ఆకలి, త్రాగుడు, దొంగతనము కాపురముండెను.

అట్టి బాలురకు చెరసాలయే గతియా? 1833లో, ఇరువదియైదేండ్ల అవివాహితుడు, తల్లితో కూడ హార్న్ గ్రామమందు ఒక పాత గడ్డియింట కాపురము పెట్టి వారిని చేర్చుకొనెను. దాని పేరు రౌహెస్ హౌస్. వచ్చినవారిలో పోలీసులెరిగిన దొంగలుండిరి. అయినను ప్రహరీ లేదు, తాళము లేదు! పారిపోయినవారు లేకపోలేదు. తలుపు మాత్రము మూయబడలేదు. గతమంతయు క్షమింపబడినదని చేరిన దినముననే బాలునితో చెప్పి, ఆ ప్రస్తావన మరల తేకుండుట అచ్చటి నియమము. శిక్షకంటె ఇదియే కఠినమైన పని.

సంఖ్య పెరిగినను పెద్ద వసతిగృహము కట్టలేదు. పదిపండ్రెండుమందికొక చిన్న యిల్లు, ఇంటికొక అన్న, చేతికొక పని. క్రిస్మసు ఎప్పుడని పిల్లలు మాటిమాటికి అడుగుచుండగా, 1839లో బండిచక్రముపై క్రొవ్వొత్తులు నిలిపి దినమునకొకటి వెలిగించెను. నేడు దేవాలయములలో కనబడు ఆగమనకాలపు దండకు మూలమదియే.

ప్రష్యా ప్రభుత్వము 1857లో చెరసాలల సంస్కరణకు ఆయననే పిలిచెను. 1881లో ఆయన ప్రభువునందు నిద్రించెను. ఆ గృహము నేటికిని హాంబర్గులో పనిచేయుచున్నది.