నూరేళ్ల గుడి, వేల గొంతుల బడి

తిరువయ్యారులో కావేరి ఒడ్డున ఉన్న త్యాగరాజస్వామి సమాధి మందిరానికి నూరేళ్లు నిండాయి. 1926 జనవరిలో కుంభాభిషేకం జరుపుకున్న ఆ చిన్న గుడి ఈ 2026 పుష్య మాసంలో శతవర్షం పూర్తి చేసుకుంది. వెలిగొండల కింద, పెన్నకు దక్షిణాన ఉన్న మా కలువాయి నుంచి ఆ గుడికీ, దాన్ని కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మ గారికీ, ఆ గుడి ముందు ఏటా కూర్చుని పంచరత్నాలు పాడే గోష్ఠికీ మనసారా అభినందనలు. సోమశిల నుంచి కండలేరు మీదుగా మా వైపు నీళ్లు దక్షిణానికి పోతాయి. దక్షిణం నుంచి మాకు పాట వస్తోంది. ఈ పండుగ నాడు ఆ రుణం తలుచుకోవాలి కదా.

త్యాగరాజస్వామి మనకు పరాయివారు కారు. ఇంటిపేరు కాకర్ల. ఉదయగిరి దాటి ఉత్తరంగా వెళితే కంభం సీమలో ఉన్న కాకర్ల గ్రామమే ఆయన పూర్వీకుల ఊరని పెద్దలు చెబుతారు. ఆయన పుట్టింది 1767లో తిరువారూరులో, సిద్ధి పొందింది 1847లో తిరువయ్యారులో. ఆయన ఘనరాగ పంచరత్న కృతులు ఐదింటిలో మొదటిది సంస్కృతం, తక్కిన నాలుగూ తెలుగు. తమిళనాడు నడిబొడ్డున వేల మంది గొంతెత్తి తెలుగు పాడే ఉదయం ఏడాదికి ఒకటుంది. ఆ ఉదయాన్ని మనకు సంపాదించి పెట్టిన మహా ఇల్లాలు నాగరత్నమ్మ.

ఆమె 1878లో నంజనగూడులో దేవదాసీల ఇంట పుట్టారు. సంగీతం, నాట్యంతో పాటు సంస్కృతం, కన్నడం, తెలుగు చదువుకున్నారు. ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనాన్ని 1910లో పరిష్కరించి వావిళ్ల వారి చేత అచ్చు వేయించింది ఆమే. ఆ వావిళ్ల వారి మూలాలు మన నెల్లూరు జిల్లావే అని గుర్తొచ్చినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది. 1921 ప్రాంతంలో ఆమె గురువు బిడారం కృష్ణప్ప గారు, త్యాగరాజస్వామి సమాధి దిక్కులేకుండా పాడుబడిపోతోందని ఆమెకు ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం ఆమె జీవితాన్ని మార్చేసింది. స్థలం సంపాదించారు, నగలు అమ్మారు, కచేరీల మీద కూడబెట్టినదంతా ధారపోశారు, గుడి కట్టించారు.

కట్టించిన గుడి ముందు మాత్రం, ఏటా జరిగే త్యాగరాజ ఆరాధన నాడు ఆమెను పాడనివ్వలేదు. ఉత్సవం అప్పటికే రెండు పక్షాలుగా చీలి ఉంది. పెరియ కట్చి, చిన్న కట్చి అనేవారు. ఎన్నిటిలో కొట్టుకున్నా, ఆడవాళ్లు పాడకూడదన్న మాట దగ్గర ఆ రెండు పక్షాలకూ తేడా లేదు. నాగరత్నమ్మ ఊరుకోలేదు. ఆడవాళ్లందరినీ కూడగట్టి, గుడి వెనక వైపు వేరే ఆరాధన మొదలుపెట్టించారు. దానికి పెణ్‌గళ్ కట్చి అని పేరు పడింది. అలా మూడు ముక్కలుగా ఏళ్ల తరబడి సాగింది. చివరకు 1940-41 నాటికి, ఎస్.వై. కృష్ణస్వామి అనే ఐ.సి.ఎస్. అధికారి చొరవతో మూడు పక్షాలూ కలిశాయి. ఆ కలయికతోనే పంచరత్నాలను అందరూ కలిసి పాడే గోష్ఠి స్థిరపడింది. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న తగాదాకు అంతకన్నా మంచి మందు ఏముంటుంది? తగవు తీర్చడానికి పనికొచ్చిన ఆ ఏర్పాటే కొత్త గాయకులకు దేశంలోకెల్లా పెద్ద బడి అయిందని నా నమ్మకం. ఈ అభినందనలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నదీ అదే.

సమాధి ఎదుట విద్వాంసులు రెండు వైపులా ఎదురెదురుగా వరుసలు కట్టి కూర్చుంటారు. వాళ్ల వెనక వచ్చినవాళ్లు వచ్చినంత. ముందుగా వేణువు మీద ‘చేతులారా’ కృతి వినిపిస్తుంది. ఆ తర్వాత నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల పంచరత్నాలు. ఐదూ ఆది తాళమే. టిక్కెట్టు లేదు, ఎంపిక లేదు. నిన్నగాక మొన్న వర్ణం ముగించిన పిల్ల, నలభై ఏళ్లుగా కచేరీలు చేస్తున్న విద్వాంసురాలు ఒకే ఆవర్తనంలో ఊపిరి తీసుకుంటారు.

ఆ పిల్లకు అక్కడ ఏం అబ్బుతుంది? మొదట భయం పోతుంది. ఒంటరిగా పాడేటప్పుడు గొంతు ఎక్కడ జీరబోతుందోనన్న దిగులుతో సగం శక్తి వృథా అవుతుంది. పదిమంది మధ్య ఆ దిగులు ఉండదు. తనకు ఊపిరి అందని చోట పక్కవాళ్లు పాటను మోస్తారు, వాళ్లకు అందని చోట తను మోస్తుంది. రెండోది, చెవి తెరుచుకుంటుంది. తన గొంతు తనకు వినబడుతూనే పక్కవారిది కూడా వినబడాలి. అలా వింటూ పాడడం ఇంట్లో అద్దం ముందు కూర్చుని సాధన చేస్తే రాదు. మూడోది పంచరత్నాల నిర్మాణంలోనే ఉంది. ప్రతి చరణాన్నీ ముందు స్వరంగా పాడి, అదే వరస మీద సాహిత్యం పాడతారు. ఏ అక్షరం ఏ స్వరం మీద కూర్చుందో పాటే చెబుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా దయగల రచన ఇంకొకటి నాకు తెలియదు.

రాగాల దగ్గరికి వస్తే ఇంకా లోతు కనిపిస్తుంది. గౌళ రాగం మాయామాళవగౌళ జన్యం. సరళీ వరసలు నేర్చిన పిల్లలందరికీ మాయామాళవగౌళ తెలుసు. కానీ గౌళలో రిషభం ఇంకాస్త కిందికి దిగి, ఒక ప్రత్యేకమైన ఊపుతో పలుకుతుంది. ఎంత దిగాలో కాగితం మీద రాసి చూపలేం. నలుగురు పెద్దవాళ్లు పాడుతుంటే మధ్యలో కూర్చుని ఆ రిషభం మీద మన గొంతు ఆనించాలి. ఆరభిలో గాంధారం, నిషాదం మీద ఎక్కువసేపు నిలవకూడదు. నిలిచామా, రాగం ముఖం మారిపోతుంది. ఆ ఇద్దరినీ పలకరించి ముందుకు సాగిపోవడం గోష్ఠి నడకలోనే పిల్లలకు పట్టుబడుతుంది.

ఇక వరాళి. ఈ రాగాన్ని గురువు శిష్యుడికి నేరుగా చెప్పకూడదని, చెబితే ఇద్దరి మధ్య ఎడబాటు వస్తుందని పాత నమ్మకం. ఆ నమ్మకం నిజమా కాదా అన్న వాదన నాకు అక్కర్లేదు. దాన్ని ఇప్పటికీ పాటించే గురువులు ఉన్నారు. మరి వాళ్ల శిష్యులకు నాలుగో పంచరత్నం ఎలా వస్తుంది? వినికిడి మీదే. ఏళ్ల తరబడి గోష్ఠిలో వెనక వరుసన కూర్చుని, మొదట పెదవులు కదిపి, తర్వాత సన్నగా గొంతు కలిపి, ఒక ఏడాది హఠాత్తుగా మొత్తం పాడేస్తారు. వరాళిలో శుద్ధ గాంధారం రిషభాన్ని ఆనుకునే ఉంటుంది, ప్రతిమధ్యమం కాస్త పైకి లాగుతుంది. ఇంత సున్నితమైన రాగాన్ని నేర్పే పని ఒక్క గురువు చేతిలో పెట్టకుండా సమూహానికి అప్పగించింది మన సంప్రదాయం. ఈ ఒక్క ఏర్పాటు చాలు, గోష్ఠిని బడి అనడానికి.

గోష్ఠిలో లోపాలు లేవని నేను అనను. మగవారి శ్రుతి ఒకటి చుట్టూ, ఆడవారిది ఐదు చుట్టూ ఉంటుంది. అందరూ ఒకే శ్రుతికి కట్టుబడితే కొందరికి మంద్రం అందదు, కొందరికి తారం అందదు. పాఠం రానివాళ్లు గట్టిగా పాడితే వచ్చినవాళ్లు కూడా తడబడతారు. లయ మెల్లగా పరుగందుకుంటుంది. దీనికి విరుగుడు ముందస్తు సాధన ఒక్కటే. ఈ విషయంలో పడమటి దేశాల కోరస్‌ల నుంచి మనం నేర్చుకోవాల్సింది ఉంది. అక్కడ పెద్ద వాద్యబృందాలకు తోడుగా ఊరివాళ్ల గాయక బృందాలు ఉంటాయి. టీచర్లు, నర్సులు, గుమాస్తాలు, సంగీత విద్యార్థులు కలిసి నెలల తరబడి సాధన చేసి ఒక్క సాయంత్రం పాడతారు. బీథోవెన్ తొమ్మిదో సింఫనీ 1824లో వియన్నాలో తొలిసారి వినిపించింది. జపాన్‌లోని ఒసాకాలో 1983 నుంచి ఏటా డిసెంబరులో ఆ సింఫనీ చివరి భాగాన్ని పదివేల మంది మామూలు మనుషులు కలిసి పాడుతున్నారు. భాష జర్మన్, పాడేవాళ్లు జపనీయులు. తిరువయ్యారులో తెలుగు పాడే తమిళులు, కన్నడిగులు, మలయాళీలు వాళ్లకు దగ్గరి చుట్టాలే.

అక్కడి కోరస్‌లో గొంతుల ఎత్తును బట్టి నాలుగు వరసలు కడతారు, ఒక్కో వరస ఒక్కో స్వరం పాడుతుంది. ఆ పద్ధతిని మన రాగాలకు తెచ్చిన మహనీయుడు ఎం.బి. శ్రీనివాసన్. ఆయన 1925లో మన పొరుగున చిత్తూరులో పుట్టారు. మలయాళ సినిమాలకు గొప్ప సంగీతం ఇచ్చారు. మద్రాస్ యూత్ కాయిర్‌ను నిలబెట్టి, సంగీతం రాని యువతీ యువకుల చేత పలు భారతీయ భాషల్లో పాడించారు. ఆయన శతజయంతి కూడా ఈ మధ్యే గడిచింది. ఈ గుడి పండుగలోనే ఆయనకూ ఒక నమస్కారం పెడుతున్నాను.

అమెరికాలో క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఉత్సవం 1978లో మొదలైంది. అక్కడ కూడా ఆరాధన అంటే పంచరత్నాల గోష్ఠి తప్పనిసరి. అక్కడ పుట్టిన పిల్లలకు మన దేశంలోని విద్వాంసులు దూరం నుంచే పాఠాలు చెప్పి, ఉత్సవంలో బృందంగా పాడిస్తున్నారు. 2009 మే 10న సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో సిలికానాంధ్ర వారు లక్ష గళ సంకీర్తనార్చన చేయించారు. ఆ రోజు పాడినవి అన్నమయ్య సంకీర్తనలు. అన్నమయ్య పుట్టిన తాళ్లపాక ఎక్కడుంది? మా వెలిగొండలకు అవతలి పక్కన. కొండకు అటు అన్నమయ్య, ఉత్తరాన కాకర్ల. మధ్యలో ఉన్న మా ప్రాంతంలో పాట లేకపోతే ఆ లోటు మాదే.

నెల్లూరుకు ఈ విషయంలో మంచి పేరే ఉంది. హరికథా విద్వాంసులు ఎస్.పి. సాంబమూర్తి గారు నెల్లూరులో త్యాగరాజ ఉత్సవాలు జరిపించేవారు. ఆ ఇంట పెరిగిన బాలసుబ్రహ్మణ్యం గారు శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదు. అయినా శంకరాభరణం సినిమా పాటలు పాడి జాతీయ పురస్కారం అందుకున్నారు. అంతటి చెవి ఆయనకు ఎక్కడ తయారైందని అడిగితే, తిప్పరాజువారి వీధిలోని ఆ ఇంట్లో, ఆ ఉత్సవాల మధ్య అని నేను చెబుతాను.

కలువాయి వంటి మండల కేంద్రంలో సంగీతం మాస్టారు దొరకడం కష్టం. ఉన్న పిల్లల్లో మంచి గొంతులు మాత్రం తక్కువేం లేవు. శ్రీరామనవమి భజనల్లో, బడి ప్రార్థనలో వింటూనే ఉన్నాం. వాళ్లందరినీ రోజూ నెల్లూరు బస్సెక్కించి పాఠానికి పంపలేం. గోష్ఠిని ఇక్కడికి తెచ్చుకోగలం. ఆదివారం సాయంత్రం రామాలయంలో ఓ గంట చాలు. తంబురా శ్రుతి ఫోన్‌లో పెట్టుకోవచ్చు. మొదట తాళం, తర్వాత స్వరం, ఆ తర్వాతే సాహిత్యం. ఆరభితో మొదలుపెడితే పిల్లలకు త్వరగా పట్టుబడుతుంది, నాట రెండోది. నెలకోసారి నెల్లూరు నుంచి ఒక విద్వాంసుణ్ణి పిలిపించి తప్పులు దిద్దించుకోవాలి. దారి ఖర్చులు, సంభావన ఊరివాళ్లం వేసుకోలేనంత పెద్ద మొత్తం కాదు. ఆడపిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టాలి. నాగరత్నమ్మ గారికి మనం ఇవ్వగలిగిన శతవార్షిక కానుక అదే.

నూరేళ్లుగా ఆ గుడిని కాపాడుకొస్తున్న వారికి, ఏటా గోష్ఠికి శిష్యులను వెంటబెట్టుకు వచ్చే గురువులకు, వెనక వరుసలో కూర్చుని పాడి పేరైనా చెప్పకుండా వెళ్లిపోయే వేలాది మందికి కలువాయి తరఫున శుభాకాంక్షలు. వచ్చే పుష్యానికి రెండు కృతులు, పై ఏటికి ఐదూ సిద్ధం చేసుకుని, నెల్లూరు ఆరాధనలో మా పిల్లలకు ఒక వరుస చోటు అడగడానికి మేమే వస్తాం.