ధ్వనికి రూపమిచ్చిన గిడుగు

మన రాష్ట్రంలోని గజపతి, రాయగడ జిల్లాల కొండలలో సవరలు అనే గిరిజనులు నివసిస్తున్నారు. వారి భాష తెలుగువలె ద్రావిడభాష కాదు, ఒడియావలె ఆర్యభాషా కాదు. సంతాలీ, ముండారీ భాషలవలె అది ముండా కుటుంబానికి చెందినది. నూరేండ్లకు పూర్వం ఆ భాషకు సొంత లిపి లేదు. సవర పిల్లవాడు బడికి వెళ్లాలంటే ఇంట్లో మాట్లాడే భాషను గడప దగ్గరే విడిచి, తనకు తెలియని భాషలో పాఠం వినవలసి వచ్చేది. ఈ అన్యాయాన్ని గుర్తించి, తన మాతృభాష కాని ఆ భాషకోసం నలభై ఏండ్లకు పైగా శ్రమించిన తెలుగు ఉపాధ్యాయుడు గిడుగు వేంకట రామమూర్తి.

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29వ తేదీన వంశధార నది ఒడ్డున ఉన్న పర్వతాలపేట గ్రామంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. ఆ గ్రామం ఆనాడు గంజాం జిల్లాలోనిదే. మద్రాసు రాజధానికి చెందిన ఆనాటి గంజాం జిల్లా చాలా పెద్దది. బరంపురం, పర్లాకిమిడి, శ్రీకాకుళం అన్నీ అందులోనివే. పండ్రెండేండ్ల వయస్సులో రామమూర్తిగారు తండ్రిని కోల్పోయారు. బంధువుల ఇంట ఉండి విజయనగరంలో చదువుకున్నారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయన సహపాఠి. 1880లో, పదిహేడేండ్లకే, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. ఉద్యోగం చేస్తూనే సొంతంగా చదివి పట్టభద్రులయ్యారు.

తెలియని అక్షరం కనిపిస్తే దాని సంగతి తేల్చేవరకు ఆయన ఊరుకునేవారు కాదు. పర్లాకిమిడికి సమీపంలోని శ్రీముఖలింగం ఆలయంలో ప్రాచీన శాసనాలు ఉన్నాయి. వాటిని చదవడం నేర్పేవారు ఎవరూ లేకపోయినా, పుస్తకాలు తెప్పించుకొని పాత లిపులను తానే నేర్చుకొని ఆ శాసనాలను చదివారు. మూగగా పడి ఉన్న రాళ్లు ఆయన కృషివలన చరిత్ర చెప్పాయి.

పర్లాకిమిడి వీధులలో ఆయనకు సవరలు తరచుగా కనిపించేవారు. వారి మాట ఆయనకు అర్థమయ్యేది కాదు. వారిని గూర్చి తెలుసుకోవాలంటే ముందు వారి భాష రావాలని ఆయన భావించారు. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని తన ఇంటనే ఉంచుకొని మాట మాట అడిగి నేర్చుకున్నారు. సెలవులలో కొండలెక్కి సవర గూడేలకు వెళ్లేవారు. వారి పాటలు, కథలు, సామెతలు సేకరించేవారు.

అసలు చిక్కు వ్రాయడంలో వచ్చింది. పుట్టుక నుండి వింటున్న భాషను వ్రాయడం సులభం, మనకు తెలిసిన అక్షరాలు అందుకు సరిపోతాయి. సవర భాషలో గొంతును ఒక్క క్షణం మూసి, తటాలున విడిచి పలికే ధ్వని ఉంది. తెలుగులో దానికి అక్షరం లేదు. ఆ ధ్వనిని విడిచి వ్రాస్తే మాట మారిపోతుంది. మనం ‘కలం’ అనవలసిన చోట ‘కాలం’ అని వ్రాస్తే అర్థం ఎంత మారుతుందో చూడండి! ఒక్క దీర్ఘంతోనే ఇంత తేడా వస్తే, ఒక ధ్వని మొత్తం లోపిస్తే ఆ భాషకు ఎంత నష్టమో ఊహించవచ్చు.

అందువలన ప్రతి ధ్వనికి ఒక నిర్దిష్టమైన గుర్తు ఉండాలని ఆయన నిశ్చయించుకున్నారు. మొదట తెలుగు లిపిలో సవర వాచకాలు వ్రాశారు. తరువాత శాస్త్రీయ గ్రంథాలకోసం రోమను అక్షరాలను ధ్వనిశాస్త్ర పద్ధతిలో వాడుకున్నారు. ఆయన సవర వ్యాకరణం పేరులో ‘సోరా’ అనే మాటలోని దీర్ఘాలను అచ్చు పక్కన నిలువుగా రెండు చుక్కలు పెట్టి సూచించారు. ఆ చుక్కలు ఏ అచ్చుకూటంలోనైనా దొరికేవే. ఆ పాత గుర్తుకే అక్కడ కొత్త పని అప్పగించారు.

పుస్తకాలు వ్రాయడంతో ఆయన తృప్తి చెందలేదు. సొంత ధనంతో సవర పిల్లలకు బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, వారి భాషలోనే చదువు చెప్పించారు. ఈ కృషికి ఆయన చెల్లించిన మూల్యం సామాన్యమైనది కాదు. అడవులలో తిరగడంవలన విషజ్వరం వచ్చింది. జ్వరం తగ్గడానికి వాడిన క్వినైను మందువలన చెవుడు వచ్చింది. ధ్వనులను పట్టుకోవడానికి కొండలెక్కిన మనిషికి వినికిడి దూరమయింది. అయినా ఆయన పని మానలేదు. కుమారుడు సీతాపతి కూడా ఆ కృషిలో పాలుపంచుకున్నారు. మద్రాసు ప్రభుత్వం 1931లో ఆయన సవర వ్యాకరణాన్ని, 1938లో సవర – ఇంగ్లీషు నిఘంటువును అచ్చువేయించింది.

ఇదే దృష్టితో ఆయన తెలుగునూ చూశారు. ప్రజల నోట ఉన్న భాష ఒకటి, పుస్తకాలలోని భాష మరొకటిగా ఉంటే చదువు కొందరికే దక్కుతుందని వాదించారు. 1919లో ‘తెలుగు’ అనే పత్రికను నడిపారు. ఎందరు పండితులు ఎదిరించినా వెనుదీయలేదు. మీరిప్పుడు చదువుతున్న ఈ పాఠం వ్యావహారిక భాషలో ఉండడానికి ఆ ఉద్యమమే కారణం.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. రామమూర్తిగారు తన శేషజీవితాన్ని రాజమహేంద్రవరంలో గడిపి, 1940 జనవరి 22న కన్నుమూశారు. అదే 1936లో మంగెయి గొమాంగో అనే సవర పెద్ద తన జాతివారి భాషకు ‘సొరాంగ్ సొంపెంగ్’ అనే కొత్త లిపిని రూపొందించారు. ఒక పరభాషీయుడు మొదలుపెట్టిన పనికి ఆ జాతి మనిషే మరో మార్గం చూపాడు.

ఈనాడు అక్షరాలను అచ్చుకూటంలోని సీసపు దిమ్మలతో కాక కంప్యూటరుతో వ్రాస్తున్నాము. కంప్యూటరుకు అక్షరం తెలియదు, అంకె మాత్రమే తెలుసు. అందుకే లోకంలోని ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికి ఒక సంఖ్య కేటాయించే ఏర్పాటు జరిగింది. దానినే యూనికోడ్ అంటారు. 1991లో వెలువడిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగు, ఒడియా లిపులకు చోటు దొరికింది. తెలుగు ‘క’, ఒడియా ‘క’ సంఖ్యలు వేరైనా రెండింటిలోను చివరి రెండంకెలు 15. భారతీయ భాషలకోసం రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఎడమచేతి వైపు అచ్చులు, కుడిచేతి వైపు హల్లులు ఉంటాయి. తెలుగు ‘క’, ఒడియా ‘క’ రెండూ ఒకే మీట నొక్కితే వస్తాయి. రెండు భాషలూ చదివే మీకు ఇది ఎంత అనుకూలమో గమనించండి.

2012లో సొరాంగ్ సొంపెంగ్ లిపికి కూడా యూనికోడ్‌లో చోటు లభించింది. 25 అక్షరాలు, 10 అంకెలు, మొత్తం 35 గుర్తులు అందులో ఉన్నాయి. కొన్ని లక్షలమంది మాట్లాడే కొండభాషకు కోట్లమంది మాట్లాడే భాషలతో సమానమైన స్థానం దక్కింది.

ఒక ధ్వనికి గుర్తు లేకపోతే ఆ ధ్వని చదువుకు బయటే ఉండిపోతుంది. దానిని పలికే పిల్లవాడు కూడా బయటే ఉండిపోతాడు. రామమూర్తిగారు ఈ సత్యాన్ని గ్రహించి ఆచరణలో పెట్టారు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషాదినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఆనాడు మన భాషను తలచుకొనేటప్పుడు, పక్క భాషను ప్రేమించిన ఆ గురువును కూడా తలచుకోవడం మన విధి.

ప్రశ్నలు

1. సవర భాషను తెలుగు అక్షరాలతో వ్రాయడంలో వచ్చిన చిక్కు ఏమిటి?
2. సవర పిల్లల చదువుకోసం రామమూర్తిగారు ఏమేమి చేశారు?
3. తెలుగు, ఒడియా అక్షరాలకు కంప్యూటరులో ఉన్న పోలికలు తెల్పండి.
4. మీ ఊరిలో ఏయే భాషలు మాట్లాడతారు? వాటిలో లిపి లేని భాష ఉన్నదా? తెలుసుకొని వ్రాయండి.