రంగంలో ఒక వీరుడు: మహా బందూల

మా ఊళ్ళో పెద్దవాళ్ళు రంగూన్‌ని రంగం అనేవారు. మా తాతగారు అక్కడి బోటాటౌంగ్ రేవులో మూటలు మోశారు. ఆ పేట మీదుగా వెళ్ళే పెద్ద వీధికి మహా బందూల పేరుంది. ఆయనెవరో నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

1782లో పుట్టిన బందూల బర్మా రాజు బాగిడాకు సేనాధిపతి. 1824 మే నెలలో ఈస్టిండియా కంపెనీ రంగూన్‌ని పట్టుకుంది. అదే నెలలో బందూల పడమటి సరిహద్దున, రాము దగ్గర, కంపెనీ దళాన్ని చిత్తుగా ఓడించాడు. రాజు పిలుపు అందగానే జోరువానల్లో అరకాన్ కొండలు దాటించి సేనను వెనక్కి తెచ్చాడు. డిసెంబరులో సుమారు 30 వేల మందితో రంగూన్ మీద పడ్డాడు గానీ ఫిరంగుల ముందు నిలవలేకపోయాడు. దనుబ్యూ కోటకు తగ్గి, లొంగకుండా మళ్ళీ పోరాడాడు. 1825 ఏప్రిల్ 1న శత్రువుల గుండుకు బలయ్యాడు. ఆయన పోగానే సైనికులు కోట వదిలేశారు.

ఆ కంపెనీ సేనలో మద్రాసు సిపాయిలుగా మన తెలుగువాళ్ళూ ఉన్నారు. 1852లో రంగూన్ మళ్ళీ ఇంగ్లీషువారి చేతికి చిక్కి, ఇక వారి వశంలోనే ఉండిపోయింది. ఆ తర్వాతే మన కూలీలు వేలాదిగా ఓడలెక్కారు. బందూల గెలిచి ఉంటే మా తాతగారు రంగం వెళ్ళేవారు కాదేమో!

ఆ గడ్డ మీద అన్నం తిన్నవాళ్ళం. దాని కోసం ప్రాణమిచ్చినవాడి పేరైనా మన పిల్లలకు చెబుదాం.